నమ్మదగిన మాట: ఒక పదం పుట్టుపూర్వోత్తరాలు

‘నమ్మదగిన’ అనేది మన నోట రోజూ నలిగే మాటే. పత్రిక తెరిస్తే ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అంటారు. కోర్టు తీర్పులో ‘ఈ సాక్షి నమ్మదగినవాడు కాడు’ అంటారు. కిరాణా కొట్టు మీద ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని రాయించుకుంటారు. హాస్టల్ గదిలోనైతే ‘వాడి మాటా! నమ్మేదేనా?’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంతగా వాడే మాటకు అర్థమేమిటని ఎవరైనా నిలదీస్తే మాత్రం కొంచెం తడుముకుంటాం. ‘నమ్మదగినదంటే నమ్మదగినదే, ఇంకేముంది?’ అని తప్పుకుంటాం.

ఆ మాట ఎక్కడ పుట్టిందో, దానిలో ఏయే ముక్కలున్నాయో విడదీసి చూడటం ఈ వ్యాసం పని. పదాల పుట్టుక తెలుసుకుని చేసేదేముందని సైన్సు మిత్రులు అడగవచ్చు. చాలా పదాల విషయంలో ఆ ప్రశ్న సబబే. వంకాయ అనే మాట ఎక్కడ పుట్టినా కూర రుచి మారదు. కాని ఈ మాట సంగతి వేరు. మన పెద్దలూ, పొరుగు భాషల వాళ్ళూ, దేశాంతరాల వాళ్ళూ నమ్మకానికి పేరు పెట్టినప్పుడు ఆ పేర్లలోనే ఒక నిజాన్ని వదిలి వెళ్ళారు. అది కొంచెం ఇబ్బంది పెట్టే నిజం. నమ్మకం వుండేది చెప్పిన మాటలో కాదు, విన్నవాడి మనసులో. మాటకు వుండవలసింది వేరొకటి. ఆ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అక్కడికి తర్వాత వద్దాం.

ముందుగా ధాతువు. ‘నమ్ము’ సంస్కృతంలో నుండి వచ్చిందని కొందరి అభిప్రాయం. ‘నమః’ అంటే వంగడం, వంగి దణ్ణం పెట్టేవాడు నమ్మినవాడే గదా, కనుక నమస్సు నుండే నమ్మకం పుట్టింది అంటారు. వినడానికి ముచ్చటగానే వుంటుంది. కాని ఇదే మాట తమిళంలో ‘నంబు’, కన్నడంలోనూ ‘నంబు’. బాణానికి ఆ రెండు భాషల్లోనూ ‘అంబు’ అంటే మనకు ‘అమ్ము’ (అమ్ములపొది గుర్తు తెచ్చుకోండి). వాళ్ళ ‘కొంబు’ మనకు ‘కొమ్ము’. వాళ్ళ నోట ‘ంబ’గా నిలిచింది మన నోట ‘మ్మ’ అయిందన్న మాట. చెంబు వంటివి ఈ దారికి రాకుండా మొండికేసిన మాట నిజమే గాని, దారి మాత్రం స్పష్టంగానే కనబడుతుంది. ‘నమః’లో ఆ బకారం జాడే లేదు. దక్షిణాది భాషల సొంత ధాతువులు సంస్కృతంలో నుండి ఊడిపడినవి కావని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే, క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఉదాహరణలతో సహా చూపించాడు. ‘నమ్ము’ ఆ సొంత ఆస్తిలోనిదే.

మరి ఆ ధాతువుకు మొదటి అర్థం ఏమిటి? ఇక్కడ తొల్కాప్పియం మనకు సాయం చేస్తుంది. తమిళంలో మనకు మిగిలిన వ్యాకరణాలలో అతి ప్రాచీనమైనది అది. అందులో వాడుక తక్కువైన మాటలకు అర్థాలు చెప్పే ‘ఉరియియల్’ అనే ప్రకరణం వుంది. అక్కడ ‘నంబు’ అనే మాటకు ఇచ్చిన అర్థం నమ్మకం కాదు. కోరిక! ఆశపడటం, మనసు పడటం. తరువాతి కాలపు తమిళంలో అది నమ్మకంగా స్థిరపడింది, మనకు నమ్మకంగానే చేరింది. కోరడం ముందు, నమ్మడం తరువాత.

ఇది కేవలం పండితుల ముచ్చట కాదు. ఏ కాలేజీ హాస్టల్లోనైనా పరీక్షలకు వారం ముందు ‘పరీక్షలు వాయిదా పడ్డాయట’ అనే మాట ఒకటి పుడుతుంది. పోర్షను పూర్తిచేసుకున్నవాడు ‘నోటీసేదీ? చూపించు’ అంటాడు. పుస్తకం ముట్టనివాడు ఆ ప్రశ్నే వేయడు, వెంటనే నమ్మి దుప్పటి ముసుగేస్తాడు. ఇద్దరి చెవినా పడిన మాట ఒక్కటే, చెప్పినవాడూ ఒక్కడే. తేడా అంతా కోరికలో వుంది. రెండో మిత్రుడు ‘నంబు’ అనే మాటను తొల్కాప్పియం నాటి అర్థంలో వాడుతున్నాడన్న మాట.

ఈ ముడి మన ద్రావిడ భాషల్లోనే వుందనుకుంటే పొరపాటు. ఇంగ్లీషులో ‘బిలీవ్’ అనే మాటను తవ్వితే ‘లవ్’ అనే మాటతో దానికి చుట్టరికం బయటపడుతుంది. ఇష్టమైనది, ప్రియమైనది అనే అర్థంగల పాత జర్మానిక్ మూలం ఆ రెంటికీ తల్లి. ఒకదాన్ని ప్రియంగా పట్టుకోవడమే బిలీవ్. ఆ తల్లికీ తల్లి వుంది. అదే మన సంస్కృతంలో ‘లుభ్’ ధాతువైంది. లోభం, ప్రలోభం దాని పిల్లలు. బిలీవ్, లవ్, లోభం మూడూ ఒక ఇంటివేనని భాషాశాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ‘ఆరు నెలల్లో మీ డబ్బు రెట్టింపు’ అనే కరపత్రాన్ని చదువుకున్నవాళ్ళు కూడా ఎందుకు నమ్ముతారో వేరే ఆర్థికశాస్త్రం చెప్పనవసరం లేదు. పనిలో పనిగా ఒక మాట. ‘అమ్మకం’, ‘నమ్మకం’ అనే రెంటికీ వ్యుత్పత్తిలో ఏ సంబంధమూ లేదు. ఐనా తెలుగువాడి బజారులో అవి విడిగా తిరగడం ఎవరూ చూడలేదు.

ఇక ‘శ్రద్ధ’. ఈ మాటను మనం పాపం చాలా చిన్నది చేశాం. ‘శ్రద్ధగా చదువుకో’ అని నాన్నగారు ఉత్తరం రాస్తే ‘మనసు పెట్టి చదువుకో’ అని మాత్రమే అర్థం చేసుకుంటాం. వేదకాలంలో ఆ మాటకు అర్థం దృఢమైన నమ్మకం. ఋగ్వేదం పదవ మండలంలో 151వ సూక్తం శ్రద్ధను దేవతగా చేసి పిలిచింది. కఠోపనిషత్తులో తండ్రి వట్టిపోయిన గోవులను దానం చేస్తుంటే చూస్తున్న చిన్నవాడు నచికేతుడిలో ప్రవేశించింది ఈ శ్రద్ధే. అంటే ఆ కుర్రవాడు బుద్ధిగా కూర్చున్నాడని కాదు గదా! తండ్రిని నిలదీసేంత గట్టి నమ్మకం అతడిలోకి వచ్చిందని. పితృదేవతల మీద ఆ నమ్మకంతో చేసేది కనుక శ్రాద్ధం.

‘శ్రత్’, ‘ధా’ అనే రెండు ముక్కలు కలిస్తే శ్రద్ధ. ‘ధా’ అంటే ఉంచడం. అందులో తగాదా లేదు. ‘శ్రత్’ అంటే ఏమిటన్నదే ప్రశ్న. యాస్కుడు వ్యాఖ్యానించిన వైదిక నిఘంటువు దాన్ని సత్యానికి వున్న పేర్లలో చేర్చింది. ఆ లెక్కన సత్యంగా ఎంచి నిలుపుకోవడం శ్రద్ధ. ఐరోపా పండితులలో ఎక్కువమంది వేరే దారిన వెళ్ళారు. లాటిన్‌లో ‘క్రేదో’ అంటే నమ్ముతున్నాను అని. ఆ మాటలోనూ ఇవే రెండు ముక్కలు, ఇదే వరుసలో వున్నాయి. వాళ్ళ లెక్కన మొదటి ముక్కకు అర్థం గుండె. కార్డియాలజీలోని ‘కార్డి’, ఇంగ్లీషు ‘హార్ట్’ దాని బంధువులు. గుండెను తీసి ఒకచోట ఉంచడం నమ్మకం.

సత్యమా, గుండెనా? నా మట్టుకు నాకు ఈ తగవు చాలా విలువైనదిగా తోస్తుంది. ఒకడు వస్తువు వైపు నుంచి చెప్పాడు, ఇంకొకడు మనిషి వైపు నుంచి చెప్పాడు. వ్యుత్పత్తిగా చూస్తే గుండె పక్షానికే బలం ఎక్కువ. ధర్మంగా చూస్తే మన నిఘంటుకారుడు ఆశించిందే జరగాలనిపిస్తుంది.

ఆ ‘క్రేదో’ సంతానమే ఇంగ్లీషులోని క్రెడిట్, క్రెడిబుల్, క్రెడెన్షియల్స్ వగైరా. సెమిస్టరు మార్కుల జాబితాలో మీరు లెక్కపెట్టుకునే క్రెడిట్లకూ, నాన్నగారు ఉత్తరంలో రాసిన శ్రద్ధకూ ముత్తవ్వ ఒకతే. బ్యాంకువాడి క్రెడిట్‌ను మన సహకార సంఘాలవాళ్ళు ‘పరపతి’ అన్నారు. వాడుకలో పరపతి అంటే పలుకుబడి కూడాను. పలుకుబడి వున్నవాడికి అప్పు పుడుతుందని, అప్పు పుట్టినవాడికి పలుకుబడి వస్తుందని పల్లెటూళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

‘విశ్వాసం’ ఇంకో రకం మాట. ఇది విశ్వం నుండి పుట్టిందని కొందరు వేదికలెక్కి చెబుతుంటారు. విశ్వానికీ విశ్వాసానికీ సంబంధం లేదు. ‘శ్వస్’ అంటే ఊపిరి పీల్చడం. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం, ఆశ్వాసం, విశ్వాసం అన్నీ దానివే. భయం తీరి, గుండె దిటవై, హాయిగా ఊపిరి వదిలే స్థితి విశ్వాసం. ‘హమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నాను’ అంటామే, సరిగ్గా అదే. తెలుగులోకి వచ్చాక ఈ మాట మరో అడుగు వేసింది. ‘కుక్కకున్న విశ్వాసం కూడా లేదు’ అన్నప్పుడు అది నమ్మకం కాదు, తిన్న ఉప్పును మరవకపోవడం. మళ్ళీ చట్టసభల్లోకి వెళ్ళేసరికి అదే విశ్వాసం చేతులెత్తి లెక్కపెట్టే వస్తువైంది. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 269కి 270తో, ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఊపిరితో మొదలైన మాట అంకెల్లో తేలింది.

ఇంతదాకా చూసినవన్నీ నమ్మేవాడి మాటలే అని గమనించారా? కోరిక, ప్రియం, గుండె, ఊపిరి. ఎదుటి మాట నిజమా కాదా అన్న సంగతి వీటిలో దేనికీ పట్టలేదు. మన వ్యాసానికి అసలు నాయకుడైన ‘నమ్మదగిన’ అనే మాట అవసరం ఇక్కడే వచ్చింది.

దీని నిర్మాణం పాత వ్యాకరణం చదివినవారికి తేలికగా తెలుస్తుంది. ‘నమ్మన్’ అనే ద్రుతాంతం మీద ‘తగు’ చేరింది. ద్రుతం మీది పరుషం సరళమైంది, ‘నమ్మఁదగు’ అయింది, కాలక్రమాన అరసున్న ఎగిరిపోయి ‘నమ్మదగు’ మిగిలింది. తమిళులు కూడా ‘నంబత్తక్క’ అని అచ్చంగా ఇదే తీరున కట్టుకున్నారు. కన్నడిగులు మాత్రం ‘నంబలర్హ’ అని తోకకు సంస్కృతం తగిలించారు. సంస్కృతంలో ‘విశ్వసనీయం’ చివర వున్న ‘అనీయ’ ప్రత్యయానికి కూడా అర్హత ఒక అర్థమని పాణినీయం చెబుతుంది. తగడం, అర్హం కావడం: ఎవరు కట్టినా తోక మాత్రం అదే కట్టారు. అది ఊరక కట్టింది కాదు.

‘తగు’ చిన్న ధాతువు కాదు సుమండీ. దాని నుండే ‘తగవు’ వచ్చింది. ఈనాడు తగవు అంటే పోట్లాట. పాత తెలుగులో తగవు అంటే న్యాయం. తగవరి అంటే న్యాయం చెప్పే పెద్దమనిషి. న్యాయం అడగబోయిన చోటల్లా పోట్లాట జరిగి మాట అర్థం మారిపోయిందేమో, అది వేరే కథ. మనకు కావలసింది ఏమిటంటే, ‘నమ్మదగిన’ అనే మాటలో మొదటి సగం మనసు, రెండో సగం న్యాయస్థానం. మొదటి సగం ‘నమ్మాలని వుంది’ అంటుంది. రెండో సగం ‘తగునా?’ అని అడుగుతుంది. ఈ ప్రశ్న అడగకుండా ఆ మాట వాడితే సగం మాటే వాడినట్లు.

దీని పక్కన ఇంకో మాటను నిలబెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అది ‘నమ్మబలుకు’. అదే నమ్మన్, అదే సంధి. ‘తగు’ వుండవలసిన చోట ‘పలుకు’ వుంది. నమ్మేటట్లు పలకడం. నమ్మదగినవాడు, నమ్మబలికేవాడు చూడటానికి కవలపిల్లల్లా వుంటారు. ఒకడికి బలం సంగతిలో వుంది, రెండోవాడికి నోట్లో వుంది. ఇంగ్లీషులో ‘ప్లాజిబుల్’ అనే మాట ఈ రెండోవాడి చిరునామాయే. దాని లాటిన్ మూలానికి అర్థం చప్పట్లు కొట్టడం. ‘అప్లాజ్’ దాని చెల్లెలు. చప్పట్లకు తగినది ప్లాజిబుల్. మొదట్లో అది పొగడ్తే. రాను రాను ‘పైకి సబబుగా కనబడేది’ అనే అర్థానికి దిగింది. చప్పట్లు కొట్టించుకున్న ప్రతి మాటా నిజం కాదని ఇంగ్లీషువాళ్ళకు అనుభవం మీద తెలిసి వుంటుంది. ‘నమ్మించు’ అనే మన మాటకూ ఇదే గతి పట్టింది. నమ్మకం కలిగించడం దాని అర్థం. కాని ‘నమ్మించాడు’ అని ఎవరైనా అంటే, వెనకాల ‘గొంతు కోశాడు’ అనే ముక్క వస్తుందని చెవి ముందుగానే సిద్ధపడుతుంది.

మరి తగునా తగదా అని తేల్చడం ఎలా? ఈ ప్రశ్నను మన దేశంలో నైయాయికులు పట్టుకున్నంత గట్టిగా మరెవరూ పట్టుకోలేదనవచ్చు. కళ్ళతో చూసి తెలుసుకోవడం ప్రత్యక్షం. పొగను చూసి నిప్పును ఊహించడం అనుమానం. ఇంకొకరు చెప్పగా తెలుసుకోవడం శబ్దం. చార్వాకులు ఈ మూడోదాన్ని ఒప్పుకోలేదు. బౌద్ధులు దానికి ప్రత్యేకంగా పీట వేయనక్కరలేదన్నారు. నైయాయికులు మాత్రం ఇది లేకుండా లోకం నడవదన్నారు. నిజమే గదా, మన పుట్టినరోజు మనకు ఎలా తెలుసు? అమ్మ చెబితేనే. ఐతే ఎవరు పడితే వారు చెప్పింది ప్రమాణం కాదు, ఆప్తుడు చెప్పిందే ప్రమాణం అని న్యాయసూత్రం కట్టుదిట్టం చేసింది. ఆప్తుడెవరు? సంగతిని స్వయంగా ఎరిగినవాడు; ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పాలనే కోరిక వున్నవాడు. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇక్కడ ఒక గొప్ప మాట చేర్చాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమేనట. కులం గోత్రం అడగలేదు. తెలుసా, తెలిసింది చెబుతున్నాడా అని మాత్రమే అడిగాడు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. తరువాత మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్ని ఇంకా కుదించి, వున్నది వున్నట్లు పలికేవాడు ఆప్తుడని పసిపిల్లలకు సైతం అర్థమయ్యేలా చెప్పాడు.

ఇప్పుడు అదే మాటను తెలుగు వాడుకలో చూడండి. శుభలేఖ మీద ‘బంధుమిత్రులు, ఆప్తులు’ అని వేస్తాం. ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు. నిజం చెప్పేవాడు ఎప్పుడో మనవాడిగా మారిపోయాడు! అర్థాలు మారడం భాషకు సహజమే. ఐతే ఈ మార్పు వల్ల ఒక చిక్కు వచ్చి పడింది. ఆప్తుడు చెప్పింది నమ్మాలి అనే సూత్రం మాత్రం మన బుర్రల్లో అలాగే మిగిలింది, ఆప్తుడి అర్థం మాత్రం మారిపోయింది. ఫలితంగా మావయ్య పంపిన సందేశం ప్రమాణమైంది. ఆ మావయ్యకు సంగతి స్వయంగా తెలుసా అని అడగడం మర్యాద కాకుండా పోయింది.

‘అనుమానం’ కూడా ఇలాగే దారి తప్పింది. శాస్త్రంలో అది ఆధారం మీద చేసే ఊహ, జ్ఞానానికి గౌరవప్రదమైన మార్గం. మన ఇళ్ళల్లో అది శంక, తగాదాకు మార్గం. ఆధారం అడిగేవాడిని ‘అనుమానం పక్షి’ అని ఎగతాళి చేసే జాతి మనది. సాక్షి అనే మాట మాత్రం కొంత పరువు నిలుపుకుంది. కళ్ళారా చూసినవాడే సాక్షి అని పాణిని కాలం నుండీ అర్థం. కోర్టులు కూడా ఈ గీత దాటనివ్వవు. ‘ఫలానావాడు చెప్పగా విన్నాను’ అంటే, మరణవాంగ్మూలం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం పెట్టిన నియమం. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా ఆ నియమం మాత్రం మారలేదు.

విన్నదానికీ చూసినదానికీ తేడా పాటించడానికి తెలుగువాడికి కోర్టు దాకా వెళ్ళే పని లేదు. మన వ్యాకరణమే ఆ పని చేసిపెడుతుంది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో రావలసినంతగా రాలేదని నా ఫిర్యాదు. ‘బస్సు వచ్చింది’ అంటే నేను పూచీ. ‘బస్సు వచ్చిందట’ అంటే ఎవరో అనగా విన్నాను, నా పూచీ లేదు. ‘బస్సు వచ్చింది కాబోలు’ అంటే జనం పరుగెత్తడం చూసి ఊహించాను. ప్రత్యక్షం, శబ్దం, అనుమానం! నైయాయికులు చెప్పిన ప్రమాణాలలో ఈ మూడూ మన క్రియాపదం తోకలో వచ్చి కూర్చున్నాయి. తర్కశాస్త్రం ముఖం చూడని ముసలమ్మ కూడా ఈ మూడింటినీ ఎక్కడా తప్పు పోకుండా వాడుతుంది.

ఆ ‘అట’ ఎక్కడిది? ‘అను’ అనే ధాతువు నుండి వచ్చింది. పాత పుస్తకాలలో దాన్ని ‘అఁట’ అని అరసున్నతో అచ్చువేసేవారు. ఆ అరసున్న ‘అను’లోని నకారం పోతూ పోతూ వదిలివెళ్ళిన గుర్తు. కోస్తా పత్రికల తెలుగులో ఆ గుర్తు కూడా పోయింది. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ ‘వచ్చిండంట’, ‘వచ్చినాడంట’ అని నిండు సున్నతో పలికేవాళ్ళను చూసి కొందరు నవ్వుతారు. నవ్వనక్కరలేదు, మూలానికి దగ్గరగా వున్నది వాళ్ళ ఉచ్చారణే. ‘అనగనగా ఒక రాజున్నాడట’ అని కథ మొదలుపెట్టే అమ్మమ్మ కూడా, ఆ రాజును నేను చూడలేదు నాయనా, నాకు మా అమ్మమ్మ చెప్పింది అని మొదటి వాక్యంలోనే ఒప్పేసుకుంటుంది. కథకు అంత నిజాయితీ వుంది.

వార్తకు ఆ నిజాయితీ తక్కువ. పత్రికల భాషలో ‘అట’ నిషిద్ధం. మొరటుగా వుంటుందని కాబోలు. దాని బదులు ‘తెలిసింది’ అంటారు. ఎవరికి తెలిసింది? ఎలా తెలిసింది? ‘మంత్రివర్గంలో మార్పులుంటాయట’ అంటే వదంతి. ‘మార్పులుంటాయని విశ్వసనీయంగా తెలిసింది’ అంటే వార్త. సంగతి అదే, చొక్కా మారింది. ఐనా ‘తెలిసింది’లో కనీసం ఒక మసక తెర వుంది. ఆ తెర కూడా లేని రోజులు చేతిలోని ఫోనుతో వచ్చాయి.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ వాట్సాప్ సందేశాలు ఊరూరా తిరిగాయి. రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలాలు కాశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, భాష రానివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు కనబడితే చుట్టుముట్టారు. ఏ పాపమూ ఎరగని మనుషులు ఆ దెబ్బలకు చచ్చిపోయారు. కొట్టినవాళ్ళు వృత్తిరీత్యా దుర్మార్గులు కారు, పిల్లలున్న తల్లిదండ్రులు. వాళ్ళకు ఆ సందేశం పంపినవాళ్ళు ఆప్తులు, అంటే బావమరుదులు, పక్కింటివాళ్ళు, క్లాసుమేట్లు. కోరిక ఒక్కటే కాదు, భయం కూడా నమ్మకాన్ని పుట్టిస్తుందని తొల్కాప్పియం చెప్పలేదు గాని, ఆ నెల చెప్పింది. బిడ్డ క్షేమం కోరడంలో నుంచే గదా ఆ భయం పుట్టేది.

ఆ సందేశాల భాషను ఒకసారి గమనించాలి. నోటితో చెప్పుకునే రోజుల్లో ఈ వదంతి ‘పక్క ఊళ్ళో ముఠా దిగిందట’ అని వచ్చేది. విన్నవాడు ‘ఎవరు చూశారట?’ అని అడగడానికి ఆ ‘ట’ ఒక తలుపు తెరిచి పెట్టేది. ఫోనులో ఒకడు తనకు వచ్చిన వాక్యాన్ని తిరగరాయడు. వేలితో నొక్కి పంపిస్తాడు. ‘ముఠా దిగింది, జాగ్రత్త’ అన్న వాక్యం వెయ్యి చేతులు మారినా ‘దిగింది’గానే వుంటుంది. మొదట రాసినవాడు ఎవరో తెలియదు, చివర అందుకున్నవాడికి మాత్రం అది తన చెల్లెలే తనతో స్వయంగా చెప్పినట్లుంటుంది. మాటకు మాటకు మధ్య తెలుగువాడు వందల ఏళ్ళుగా కట్టుకున్న చిన్న గట్టు, ఆ ‘అట’, ఒక్క దెబ్బకు తెగిపోయింది.

జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో పోలీసులు అప్పుడు గ్రామాలకు వెళ్ళి జానపద కళాకారుల చేత పాటలు పాడించి, ఇవి వట్టి వదంతులని చెప్పించారు. ఊరివాళ్ళు తమ మాటను తామే ఎదురుగా నిలబడి అడిగి తేల్చుకునే వీలు దానివల్ల కలిగింది. ఫోనులో కుదరని పని అది. అదే సంవత్సరం జూలైలో వాట్సాప్ సంస్థ కూడా కదిలింది. ఒకరి నుంచి వచ్చిన సందేశాన్ని ఇంకొకరికి అలాగే పంపితే దాని నెత్తిన బాణం గుర్తు, ‘ఫార్వర్డెడ్’ అనే మాట కనబడేటట్లు చేసింది. మనదేశంలో ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఆ బాణం గుర్తు చేసే పని ఏమిటో ఇప్పటికి పాఠకులకు స్ఫురించే వుంటుంది. ఇది పంపినవాడి సొంత మాట కాదు, ఎవరో అనగా వచ్చిందని చెప్పడం దాని పని. అంటే కాలిఫోర్నియా ఇంజనీర్లు 2018లో మన ‘అట’ను మళ్ళీ తయారుచేశారు.

కాని మన ‘అట’ వాక్యంలోపలే, క్రియను అంటిపెట్టుకుని వుంటుంది. ఆ గుర్తు సందేశం పైన విడిగా వుంటుంది. ఎవడైనా ఆ వాక్యాన్ని కాపీ చేసి, కొత్తగా అతికించి పంపాడనుకోండి, ‘దిగింది’ మిగులుతుంది, గుర్తు వుండదు.